ఆట చూచువాని బాధ్యత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

    

మన గ్రంథాలయమునకు ఇరువది యైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. "విషయము మీ యిష్టము. యువకులకు పనికివచ్చునదిగా నున్న చాలు" అనిరి. నేను పండితుడను కాను. నాకు కొంచెము తెలిసినవి మూడే మూడు విషయములు: ప్రత్తి, మిరప, హాకీ ఆట. మొదటి రెండింటిని గూర్చి నాకంటె బాగుగా నెఱిగినవారు ఈ సభలో వరుసకు పదిమంది కూర్చుండి యున్నారు. కావున మూడవదానిని ఎన్నుకొంటిని. గ్రంథాలయపు పండుగలో హాకీ ముచ్చట యేమని కొందరు నవ్వుకొనుచుందురు. ఆ సంబంధమును చివరకు నేనే చెప్పెదను. అంతవరకు ఓపిక పట్టుడని మనవి.

ముందుగా ఒక మాట. నేను ఆటగాడను కాను. కఱ్ఱ చేతబట్టి పరుగెత్తినది బహు తక్కువ. నేను చూచువాడను. ఏబది యేండ్లకు పైగా గట్టుమీద కూర్చుండి ఆట చూచినవాడను. ఆడినవారి గొప్పదనమును గూర్చి ఉపన్యాసములు చాల ఉన్నవి. నడిపినవారి గొప్పదనమును గూర్చి శిలాఫలకములు చాల ఉన్నవి. చూచినవాని సంగతి యెవరును చెప్పరు. అందుచేత ఆ పని నేను పెట్టుకొంటిని.

1967లో నేను పి.యు.సి. చదువుటకై గుంటూరు వెళ్లితిని. కళాశాల పేరు చెప్పను. దానివలన ప్రయోజనము లేదు. మన ఊళ్లలో అప్పటికి పిల్లల కాటలనగా చెడుగుడు, బిళ్లంగోడు. హాకీ కఱ్ఱను నేను మొదటిసారి చూచినప్పుడు, వంకర తిరిగిన ఈ కఱ్ఱతో ఏమి చేయుదురని ఆశ్చర్యపడితిని. ఒక సాయంకాలము మైదానము ప్రక్కనున్న వేపచెట్ల క్రింద నిలిచి చూచితిని. బంతి ఒకని కఱ్ఱనుండి మరియొకని కఱ్ఱకు దారమునకు కట్టినట్లు పోవుచుండెను. ఆ దినమునుండి నాకు సాయంకాలమనగా ఆ మైదానమే.

ఆ కళాశాల జట్టు ఆనాడు మంచి జట్టు. వ్యాయామోపాధ్యాయుడు ఒకాయన యుండెడివాడు. తెల్లవారకముందే మైదానమునకు వచ్చి, తానే గీతలకు సున్నము పోయించెడివాడు. ఎవరి కుమారుడని అడుగడు. ఎంత దూరము పరుగెత్తగలవని అడుగును. జట్టులో వకీలుగారి అబ్బాయి యుండెను, రిక్షా లాగువాని అబ్బాయి యుండెను, నల్లరేగడి పల్లెలనుండి వచ్చిన మా బోటి రైతుబిడ్డలుండిరి. అంతర కళాశాల పోటీలనగా పట్టణములో సగము జనము గట్టుమీద నుండెడివారు. ప్రత్తి అమ్ముకొని పోవు రైతులు బండ్లు నిలిపి ఆట చూచి, చీకటిపడిన తరువాత ఇండ్లకు బయలుదేరెడివారు.

చదువు ముగిసి నేను ఊరు చేరితిని. కాని అభిమానము ముగియలేదు. మిరపకాయలు వేసికొని గుంటూరు పోయినప్పుడెల్ల, కమీషను కొట్టులో లెక్క చూచుకొని తిన్నగా మైదానమునకే పోయెడివాడను. మా యింటిలో దానిని గూర్చి కొన్ని మాటలు వచ్చినవి. అవి ఇచట అప్రస్తుతము.

పిదప జట్టు దిగజారుట ప్రారంభమయ్యెను. ఒక్కసారిగా కాదు. చేనికి తెగులు వచ్చినట్లు, ముందు ఒక మూలనుండి. వ్యాయామోపాధ్యాయుడు ఉద్యోగ విరమణ చేసెను. ఆ స్థానమును చాలకాలము నింపలేదు. నింపినప్పుడు వచ్చినవానికి హాకీ తెలియదు. ఆయన తప్పు కాదు, ఆయనను వేసినవారి తప్పు. మైదానములో ఒక ప్రక్కను సభలకు, పెండ్లి పందిళ్లకు ఇచ్చిరి. గుంజలు పాతిన గుంటలు పూడ్చువారు లేరు. జట్టులోనికి సిఫారసులు వచ్చినవి.

కల్లములో కూర్చుండి కాయలు ఏరువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. టిక్కీ నడుమ తాలుకాయలు దాచి పైన మంచి కాయలు పేర్చినచో, చూచుటకు టిక్కీ ఎఱ్ఱగానే యుండును. కొట్టులో విప్పినప్పుడు నిజము బయటపడును. ఆ జట్టుకూడ ఫోటోలో పదునొకండుగురుగానే యుండెను. పోటీలో విప్పినప్పుడు తెలిసెను.

మూడేండ్లు వరుసగా మొదటి పోటీలోనే ఓడిరి. మాకు కడుపు మండెను. పాత విద్యార్థులము, అభిమానులము ఎనిమిది మందిమి కూడి ఒక ఉత్తరము వ్రాసితిమి. నేనే వ్రాసితిని, నా దస్తూరి బాగుండుననిరి. కళాశాల ప్రతిష్ఠ మంటగలియుచున్నదనియు, పూర్వము వచ్చిన కప్పులు బీరువాలో దుమ్ము పట్టుచున్నవనియు, కెప్టెన్ ఎంపిక న్యాయముగా జరుగలేదనియు మంచి సమాసములతో వ్రాసితిని. దానిని తీసికొని పాలకవర్గములోని ఒక పెద్దమనిషి ఇంటికి పోయితిమి. ఆయన మర్యాదగా కూర్చుండబెట్టి, కాఫీ యిప్పించి, ఉత్తరము చదివి, మడిచి మాకే యిచ్చెను. "ఆడేది వాళ్ళు, నడిపేది మేము. గట్టుమీద కూర్చునేవాళ్ళకు ఎందుకయ్యా ఈ బాధ?" అనెను.

ఆ మాట నాకు నేటికిని గుచ్చుకొనుచునే యున్నది. అది కఠినముగా చెప్పిన మాట కాదు. నవ్వుచు చెప్పిన మాట. అందుకే ఎక్కువ గుచ్చుకొనెను.

అయ్యా! ఇంతవరకు చెప్పినది ఇతరుల తప్పు. ఇక నా తప్పు చెప్పవలెను. దానికొఱకే ఈ ఉపన్యాసము పెట్టుకొంటిని.

పెద్దమనిషిని మేమేమియు చేయలేకపోయితిమి. ఆ కోపము మాతోనే మైదానమునకు వచ్చెను. ఆ సంవత్సరము జట్టులో గోల్ కీపరుగా ఒక పల్లెటూరి కుఱ్ఱవాడుండెను. మన వైపువాడే. మిరపచేల నడుమ పెరిగినవాడు. బెదురు లేనివాడు. ఆ దినమున వానిమీదుగా ఆరు గోలులు పోయినవి. మూడవ గోలు తరువాత గట్టుమీద కేకలు లేచినవి. నాలుగవ గోలు తరువాత ఎవడో "డబ్బు పుచ్చుకొన్నాడు" అని అరిచెను. నేను ఆ మాట అనలేదు. కాని నవ్వితిని. నా ప్రక్కవారు అరచుచుండగా నేనును గొంతు కలిపితిని. పెద్దమనిషి ఇంటిలో కాఫీ త్రాగి మెదలకుండ లేచి వచ్చిన నాకు, పందొమ్మిదేండ్ల కుఱ్ఱవానిమీద అరచుటకు ధైర్యము వచ్చెను.

ఆట ముగిసినది. ఆ కుఱ్ఱవాడు కాళ్లకు కట్టుకొన్న ప్యాడ్లు విప్పి గోలు గుంజ ప్రక్కనే పెట్టి వెళ్లిపోయెను. మరల మైదానమునకు రాలేదు.

చాల యేండ్లకు మిరప యార్డులో కలిసికొంటిమి. అతడును టిక్కీలు దింపించుచుండెను. నన్ను గుర్తుపట్టి పలుకరించెను. ఇద్దరము టీ త్రాగితిమి. నేను తప్పు ఒప్పుకొనవలెనని ఏదో ప్రారంభించితిని. అతడు వారించి ఇట్లనెను: "అరిచారని నాకు బాధ లేదన్నా. ఓడితే అరుస్తారు. మీరు పెద్దలకు ఉత్తరం రాశారని మాకప్పుడే తెలిసింది. మా ప్యాడ్లు చిరిగిపోతే మా అమ్మ ఇంట్లో పత్తి కూరి కుట్టి పంపింది. ఆ సంగతి మీ ఉత్తరంలో ఉందేమోనని అనుకున్నాను. లేదటగా?"

లేదు. నా ఉత్తరములో ప్రతిష్ఠ యున్నది, కప్పులున్నవి, సమాసములున్నవి. ఆ కుఱ్ఱవాని ప్యాడ్లు లేవు. ఎనిమిది మందిమి అభిమానులము, ఒక్కరమైనను మైదానములోనికి దిగి, "అబ్బాయీ! మీకేమి కావలెను?" అని అడిగిన పాపమున పోలేదు. మేము వ్రాసినది మా అవమానమును గూర్చి. వారి కష్టమును గూర్చి కాదు.

ఇది మా యొక్క కళాశాలకు మాత్రమే పట్టిన గతి యైనచో దీనిని నేను సభలో చెప్పియుండను. దేశమంతటి హాకీకిని ఇదే గతి పట్టెను. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలనుండి 1956లో మెల్‌బోర్న్ వరకు ఆరుమార్లు వరుసగా మన దేశము బంగారు పతకము గెలిచెను. 1932లో అమెరికాపై ఇరువది నాలుగు గోలులు వేసి ఒక్కటి మాత్రము ఇచ్చిరి. 1936లో బెర్లిన్‌లో జర్మనీని వారి యింటనే 8-1తో ఓడించిరి. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, లండనులో బ్రిటనును 4-0తో ఓడించిరి. మనలను ఏలినవారిని వారి గడ్డమీదనే గెలిచిన ఆట యిది. 1960లో రోములో పాకిస్థాను చేతిలో ఓడిరి. 1964లో టోకియోలో దానిని తీర్చుకొనిరి. 1975లో కౌలాలంపూరులో ప్రపంచ కప్పు గెలిచినప్పుడు పంచాయతీ రేడియో చుట్టును మేము గుమిగూడి వినుట నాకు బాగుగా జ్ఞాపకము.

మరుసటి యేడే, 1976లో మాంట్రియల్‌లో, ఏడవ స్థానము. ఒలింపిక్ హాకీని కృత్రిమపు పచ్చికపై ఆడించుట అదే మొదలు. 1980లో మాస్కోలో పలు దేశములు రాని పోటీలో మరల బంగారు పతకము వచ్చెను. ఆపై నలువది యేండ్లకు పైగా ఒలింపిక్ హాకీలో మన పురుషుల జట్టునకు ఏ పతకమును లేదు. 1986 ప్రపంచ కప్పులో పన్నెండు జట్లలో చివరిది మనది. 2008లో చిలీ దేశమందలి శాంటియాగోలో బ్రిటనుతో ఓడి, 1928 తరువాత మొదటిసారి ఒలింపిక్ క్రీడలకే పోలేకపోయిరి.

అంతయు ఆ కృత్రిమపు పచ్చిక వలననే అని చెప్పువారు కలరు. అందు నిజము లేకపోలేదు. గడ్డినేలమీద పెరిగిన మన పిల్లలకు అది క్రొత్త. అట్టి మైదానములు వేయుటకు ధనము కావలెను. కాని పాకిస్థాను పిల్లలును గడ్డిమీద పెరిగినవారే గదా! వారు 1984లో ఒలింపిక్ బంగారు పతకమును, 1978, 1982, 1994 సంవత్సరములలో ప్రపంచ కప్పును గెలిచిరి. కావున నేలను మాత్రము నిందించి ప్రయోజనము లేదు. వాన రాలేదని ప్రతి యేటి నష్టమును వాననెత్తిన వేయు రైతును మనము నమ్ముదుమా? విత్తనమెప్పుడు వేసితివి, కలుపు ఎప్పుడు తీయించితివి అని అడుగుదుము.

నడిపినవారు ఏమి చేసిరో చూడుడు. 1998లో బాంకాక్ ఆసియా క్రీడలలో ముప్పది రెండేండ్ల తరువాత మన జట్టు బంగారు పతకము గెలిచెను. ఆ జట్టులో మన హైదరాబాదువాడు నందనూరి ముఖేష్ కుమార్ కలడు. 1992, 1996, 2000 ఒలింపిక్ క్రీడలు మూడింటను ఆడిన తెలుగువాడు. గెలిచి వచ్చిన జట్టును ఏమి చేయవలెను? కాపాడుకొనవలెను. కాని ఆ వెంటనే కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లైతో సహా పలువురు ముఖ్యమైన ఆటగాండ్రను తప్పించిరి. శిక్షకుని కూడ మార్చిరి. 2008 ఏప్రిలులో జాతీయ సమాఖ్య కార్యదర్శి ఒకరు ఆటగాని ఎంపికకై డబ్బు పుచ్చుకొనుచున్నట్లు టెలివిజనులో చూపిరి. ఆయన రాజీనామా చేసెను. భారత ఒలింపిక్ సంఘమువారు ఆ సమాఖ్యను నిలుపుదల చేసిరి. 2010 జనవరిలో పూనా శిబిరమందలి ఆటగాండ్రు తమకు రావలసిన సొమ్ము ఇచ్చువరకు సాధన చేయమనిరి. దేశముకొఱకు ఆడువారు కూలికై నిలువవలసి వచ్చెను. మిరప కోతకు వచ్చిన ముఠాకు కూడ మనము వారమునకు వారము ఇచ్చుచున్నాము!

ఇచటను గోల్ కీపరు కథ యొకటి కలదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల తుదిపోటీలో మన జట్టు పాకిస్థాను చేతిలో 1-7తో ఓడెను. నాటి గోల్ కీపరు మీర్ రంజన్ నేగి. ఏడు గోలులు పోయినవి. దేశమంతయు గట్టుమీద నిలిచి ఆయనను దూషించెను. అమ్ముడుపోయెననిరి. ముందు వరుసలు, నడిమి వరుసలు, రక్షకులు, శిక్షకులు, ఎంపిక చేసినవారు అందరును ఆ నీడలో దాగిరి. నేగి మాత్రము ఎండలో నిలిచెను. పదునాఱేండ్ల తరువాత, నేను ఇప్పుడు చెప్పిన 1998 బాంకాక్ జట్టులో గోల్ కీపర్లకు శిక్షణ నిచ్చినవాడు ఆయనే. 2002లో మాంచెస్టరు కామన్వెల్త్ క్రీడలలో బంగారు పతకము గెలిచిన మన మహిళల జట్టునకును శిక్షకులలో ఒకడుగా పనిచేసెను. ఆయన జీవితమునకు దగ్గరగా నున్న కథతో 2007లో "చక్ దే ఇండియా" అను హిందీ చిత్రము వచ్చినది. మీలో పలువురు చూచియుందురు. ఆ చిత్రము చూచినంతసేపు నాకు నేగి కనబడలేదు. ప్యాడ్లు విప్పి గుంజ ప్రక్కన పెట్టిన మన కుఱ్ఱవాడు కనబడెను. నేగి తిరిగి మైదానమునకు రాగలిగెను. మన కుఱ్ఱవాడు రాలేదు.

ఇక నడిపించుట యనగా ఎట్లుండవలెనో దానికిని మన తెలుగు నేలమీదనే ఉదాహరణ కలదు. అది హాకీ కాదు, ఫుట్‌బాల్. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అను ఉపాధ్యాయుడుండెను. వృత్తి బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలోని రోవర్సు కప్పును గెలిచెను. ఆయన శిక్షకుడుగా భారత జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకములు గెలిచెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానము పొందెను. 1962లో జకార్తాకు పోవునాటికి ఆయన దేహములో కాన్సరు వ్యాధి ముదిరియుండెను. అట్టి స్థితిలో జట్టును నడిపి, దక్షిణ కొరియాను 2-1తో ఓడింపజేసి వచ్చి, 1963 జూనులో కన్నుమూసెను. సికింద్రాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలోని పేదయింట పుట్టిన తులసీదాస్ బలరామ్ వంటి ఆణిముత్యము ఆయన చేతిలో మెరుగుదిద్దుకొనినదే.

ఆ రహీము తరువాత ఏమయ్యెను? 1956-57, 1957-58లలో హైదరాబాదు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచినవి. ఆపై ఆ కప్పు తెలుగు నేలకు రాలేదు. మేటి ఆటగాండ్రు కలకత్తా సంఘములకు తరలిపోయిరి. ఒక మనిషి పోగానే ఒక విద్య పోవుట చూచితిరా? ఇందు రహీముగారి లోపమేమియు లేదు. ఆయన వెనుక మరియొకనిని తయారుచేసికొనవలసిన బాధ్యత తక్కిన అందరిది. మా కళాశాల వ్యాయామోపాధ్యాయుని విషయములోను జరిగినది ఇదే. తెల్లవారకముందు సున్నము పోయించువాడున్నంతకాలము గీతలున్నవి. ఆయన ఇంటికి పోగానే గీతలు చెరిగిపోయినవి. మంచివాడొకడు నడుపుచున్నాడని మనము నిశ్చింతగా కూర్చుంటిమి. ఆ నిశ్చింతయే మొదటి తెగులు.

పడినది లేవదా? లేచును. అదియు చూచితిమి. 2021 ఆగస్టు 5వ తేదీన టోకియోలో మన పురుషుల జట్టు జర్మనీని 5-4తో ఓడించి కాంస్య పతకము గెలిచెను. మన మహిళలు నాల్గవ స్థానము పొందిరి. 2024లో పారిసులో స్పెయినును 2-1తో ఓడించి పురుషులు మరల కాంస్యము తెచ్చిరి. రెండు ఒలింపిక్ క్రీడలలో వెంట వెంట పతకములు వచ్చుట 1968, 1972 తరువాత ఇదే. ఇది ఊరక రాలేదు. 2018 నుండి ఒడిషా ప్రభుత్వము జట్లకు అండగా నిలిచెను. మైదానములు వచ్చినవి. 2014 నుండి 2019 వరకు గల కొద్దికాలములో పలువురు ప్రధాన శిక్షకులు మారిరి. అటుపిమ్మట ఒక శిక్షకునికి పని చేయుటకు తగిన వ్యవధి ఇచ్చిరి. నారుమడిని దినమునకొకసారి పీకి చూచినచో మొక్క వేరు పట్టదు గదా!

ఆ రెండు పతకములలోను గోలు కాచినవాడు శ్రీజేష్. కేరళ దేశపు రైతుబిడ్డ. గోల్ కీపరు సామగ్రి కొనుటకు ఆయన తండ్రి ఇంటి ఆవును అమ్మెను. ఆవును అమ్మిన రైతు కుమారుడు రెండు ఒలింపిక్ పతకములు తెచ్చెను. ప్రత్తి కూరి ప్యాడ్లు కుట్టిన తల్లి కుమారుడు ఇంటికి పోయెను. ఇద్దరి తలిదండ్రులును చేయగలిగినదంతయు చేసిరి. కొఱత వారియందు లేదు. ఒకనికి వెనుక నిలిచినవారున్నారు, ఒకనికి లేరు. మన పూర్వపు చిత్తూరు జిల్లాలోని పల్లెనుండి వచ్చిన ఏతిమర్పు రజని భారత మహిళల జట్టునకు గోల్ కీపరుగా ఆడినది. మన పల్లెలలో సత్తువ లేదనుట అబద్ధము.

కావున యువకులారా! ఆట చూచువారికి నేను చెప్పదలచిన మాటలు కొన్ని మాత్రమే.

గట్టుమీద కూర్చుండువానికి అడుగు హక్కు కలదు. "మీకెందుకు ఈ బాధ" అనువారికి బదులు చెప్పుడు. చూచువాడు లేనిది జట్టు లేదు; చదువువాడు లేనిది గ్రంథాలయము లేదు. బాధపడువాడే దానికి అసలైన చుట్టము. ఎవరికిని బాధ లేనినాడు అది చచ్చినట్లు.

కాని అడుగునప్పుడు అడుగవలసినవారినే అడుగవలెను. పెద్దవానియెదుట నోరు మూసికొని, చిన్నవానిమీద అరచుట అభిమానము కాదు. అది పిరికితనము. నాకు అనుభవమున తెలిసినది.

అడుగుటకు ముందు తెలిసికొనవలెను. మైదానములోనికి దిగి, ఆడువాని కాళ్లకు ఏమున్నదో, చేతిలో ఏమున్నదో చూడవలెను. ఆ పిమ్మట వ్రాసిన ఉత్తరమునకు బలము కలుగును. "ప్రతిష్ఠ పోయినది" అన్నచో పెద్దమనిషి నవ్వి కాఫీ యిచ్చును. "గోల్ కీపరు ప్యాడ్లు చిరిగి మూడేండ్లయినది, క్రీడల రుసుము విద్యార్థులవద్ద ప్రతియేట వసూలు చేయుచున్నారు, ఆ సొమ్ము ఏమయినది?" అన్నచో నవ్వలేడు.

చివరిది. ఒక ఉత్తరము తిరిగివచ్చెనని మానుకొనరాదు. మేము మానుకొంటిమి. ఒక్క కాఫీతో ముగిసిన పోరాటము మాది. రెండవ ఉత్తరము వ్రాసియుందుమేని ఏమగునో నాకు తెలియదు. వ్రాయకపోవుటచేత ఏమయ్యెనో మాత్రము తెలియును.

ఇక గ్రంథాలయము సంగతి. మన ప్రాంతమున గ్రంథాలయములను ప్రభుత్వము కంటె ముందు ప్రజలే పెట్టుకొనిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూర తిరిగి ఈ విత్తనము చల్లిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి కృషిచే పుస్తకములు పడవనెక్కి కృష్ణ కాలువవెంట పల్లెలకు పోయినవి. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము నూరేండ్లు దాటి నిలిచియున్నది. కాని ఆనాడు పుట్టినవన్నియు నిలువలేదు. తలుపులు మూసినవి, చెదలు తినినవి, పేరు మాత్రము గోడమీద మిగిలినవి మీరు ఎన్ని చూడలేదు? అవి పుస్తకములు లేక పోలేదు. తెల్లవారకముందు సున్నము పోయించువాడు పోయినాడు. తక్కినవారు గట్టుమీద కూర్చుండిరి. అందువలన పోయినవి.

మన గ్రంథాలయమును ఇరువది యైదేండ్లు నడిపినవారికి నమస్కరించుచున్నాను. నమస్కరించుచునే మూడు కోరికలు కోరుచున్నాను. కార్యవర్గములో సగము మంది ముప్పది యేండ్ల లోపువారు ఉండవలెను, ఆడపిల్లలును ఉండవలెను. వారికి పని నేర్పుటయే పెద్దల పనిగా నుండవలెను. ప్రతియేట జమాఖర్చులు గోడమీద అంటింపవలెను. చందా కట్టినవాడు చదివి ప్రశ్నింపవలెను. ప్రశ్నించినవానికి కాఫీ ఇచ్చుట మంచిదే. కాని సమాధానము కూడ ఇయ్యవలెను.

మూడవది. సాయంకాలము పుస్తకములు ఇచ్చిపుచ్చుకొనుటకు ఈ బల్లయొద్ద కూర్చుండు కుఱ్ఱవాని కుర్చీకి ఒక కాలు విరిగినది. ఇటుకపై నిలిపి కూర్చుండుచున్నాడు. నేను వచ్చుచు చూచితిని. అతడు ఎవరికిని చెప్పలేదు, ఎవరును అడుగలేదు. ఈ రజతోత్సవములో మొదటి ఖర్చు ఆ కుర్చీ కావలెనని నా మనవి. దానికి నా వంతు నేను ఇచ్చటనే అధ్యక్షులవారి చేతికి ఇచ్చుచున్నాను.